పడవల రేవులో కొంగజపం

"గుడ్డివాడిగా నటించగలవా?" అని చీఫ్ అడిగాడు.

"ఎన్నాళ్లు సార్?"

"మిషన్ పూర్తయ్యేదాకా."

టార్గెట్ ఊరందరికీ తెలిసిన ఒక రాడార్ ఇంజనీరు. రోజూ ఉదయం నది ఒడ్డు పార్కులో సైకిలు తొక్కుతాడు. అతడిని చంపడానికి విదేశీ ముఠా ఒకటి మనిషిని దింపింది. ఎవరిని, ఏ ఆయుధంతో అన్నది తెలియదు. బాడీగార్డులంటే ఇంజనీరుకు ఒళ్లుమంట. అందుకని ఏజెంటుకు నల్లకళ్లద్దాలు, పిడిలో వైర్‌లెస్ అమర్చిన తెల్లకర్ర, 'కొంగ' అనే కోడ్‌నేమ్ ఇచ్చి, పడవల రేవు పక్కనున్న బెంచీ మీద కూర్చోబెట్టారు. తోడుగా బాడ్మింటన్ కోచ్ వేషంలో 'నెమలి' ఉంది. ముఠాలో చేరి, లోపలి కబుర్లు మనవాళ్లకు అందించే డబుల్ ఏజెంట్ ఆమె. ఆమె నడిచి వెళుతుంటే జాగింగ్ చేసే పెద్దమనుషులు దారి తప్పేవారు. పార్కులోని బాడ్మింటన్ కోర్టులోంచి ఆమె "గాలి పడిపోయింది" అని అరిస్తే, ఆ రోజుకు ప్రమాదం లేదని సిగ్నల్.

ఈ ఏర్పాటులో ఎవరూ లెక్కలోకి తీసుకోని మనిషి పడవల పిన్ని. పెడల్ బోట్లకు టికెట్లు చింపి ఇచ్చి, పిల్లలకు లైఫ్ జాకెట్లు తొడిగే ఉద్యోగం ఆమెది. మొదటిరోజే ఏజెంటు చెయ్యి పట్టుకుని బెంచీ దాకా నడిపించింది. ఆ తర్వాత తీరిక దొరికినప్పుడల్లా వచ్చి పక్కన కూర్చుని, నది ఎలా ఉందో చెప్పేది.

"ఎడమపక్క పడవలో కొత్త దంపతులు నాయనా. మొగుడు కుడికి తిప్పుతున్నాడు, పెళ్లాం ఎడమకి తిప్పుతోంది. పడవ పాపం, గానుగెద్దులా అక్కడే తిరుగుతోంది."

అతడు నవ్వేవాడు. వేషమంతటిలోనూ నిజమైనది ఆ నవ్వొక్కటే.

పిన్ని యూనిఫాం కోటు చేతులు మణికట్టు దాకా ఉంటాయి. ఎండ మండిపోతున్నా ఆమె ఎవరి ముందూ వాటిని పైకి మడవదు. ఈ గుడ్డివాడి పక్కన మాత్రం "అమ్మయ్య" అంటూ మోచేతుల దాకా మడిచి, నది గాలికి చేతులు చాపుకునేది. ఆ చేతుల నిండా బెల్టు వాతలు. పాతవి మానకముందే కొత్తవి.

"ఇంట్లో అందరూ కులాసాయేనా పిన్నిగారూ?" అని ఒకసారి అడిగాడు.

"నాకేం నాయనా! మా అబ్బాయి నన్ను పువ్వుల్లో పెట్టి చూసుకుంటాడు," అందామె నవ్వు గొంతుతో. కళ్లవెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. తుడుచుకోవలసిన అవసరం కూడా లేదనుకుంది.

ఏజెంటు చీఫ్‌కు రిపోర్ట్ చేశాడు. "కవర్ చెడకూడదు. కొంగ చేపల్నే చూడాలి," అని జవాబు వచ్చింది. ఆ జవాబు తనకు ఊరట కలిగించడమే అతడికి సిగ్గుగా తోచింది.

ఒక ఉదయం ఇంజనీరు సైకిలు బెంచీ ముందున్న మలుపు తిరిగింది. పిన్ని ఏజెంటు పక్కనే, కోటు చేతులు మడుచుకుని కూర్చుని ఉంది.

"గాలి పడిపోయింది!" అని నెమలి కేక వేసింది.

కాని ఆమె చెయ్యి సంచిలోంచి ఇంకొక షటిల్‌ను తీసింది. దాని బెండులో సూది తళుక్కుమంది. ఎలా కొట్టినా షటిల్ బెండు వైపే ముందుకు దూసుకుపోతుంది. విషపు సూదికి అంతకు మించిన వాహనం లేదు. నెమలి ఎవరి పక్షమో తేలిపోయింది.

లేవాలి. లేస్తే, తనకు కళ్లున్నాయని పక్కనున్న పిన్నికి తెలిసిపోతుంది. తుపాకులకు బెదరని ఏజెంటు ఒక్క క్షణం కదలలేకపోయాడు. ఆ ముఖాన్ని చూడవలసి వస్తుందనే భయం అతడిని బెంచీకి అంటగట్టింది.

నెమలి చేతిలో రాకెట్ పైకి లేచింది.

అతడు గెంతి కర్ర ఝళిపించాడు. ఇంజనీరు మెడకు జానెడు దూరంలో, షటిల్ కర్రకు గుచ్చుకుని ఆగింది. సైకిలు బోర్లాపడింది. తోటమాలుల వేషంలో ఉన్న మనవాళ్లు నెమలిని చుట్టుముట్టారు.

"ఆవిడ పక్కనుండగా లేవవని పందెం కాశాను, కొంగా," అంది నెమలి, సంకెళ్లకు చేతులు చాస్తూ. "కొంచెంలో గెలిచేదాన్ని."

ఏజెంటు వెనక్కి తిరిగాడు. అతడి నల్లకళ్లద్దాలు గడ్డిలో పడి ఉన్నాయి. పిన్ని అతడి కళ్లలోకి చూసింది. ముందుగా కోటు చేతులు రెండూ మణికట్ల దాకా లాక్కుని, బొత్తాలు పెట్టుకుంది.

"అన్నీ చూశావన్నమాట."

"చూశాను పిన్నిగారూ."

"నేను ఏడ్చింది కూడా?"

"అదీ చూశాను."

"ఆ పెద్దమనిషి ప్రాణం మీదికొస్తే ఎగిరి దూకావు. నా దగ్గర మాత్రం నెల్లాళ్లూ గుడ్డివాడివే. ఏం నాయనా, నా ఒళ్లు రాడార్లు తయారుచెయ్యదనా?"

దేశం కోసమన్న మాట అతడి నాలుక చివరిదాకా వచ్చి, అక్కడే సిగ్గుతో చచ్చింది. ఈమె దేశం కాకపోతే మరెవరు?

"తప్పు చేశాను. మీరు ఒప్పుకుంటే, చూసింది చూసినట్టు కోర్టులో చెబుతాను."

"మరి నీ ఉద్యోగం?"

"కోర్టులో ముఖం చూపించిన గూఢచారికి ఉద్యోగం ఉండదు."

పిన్ని నదివైపు తిరిగింది. "కన్నకొడుకు నాయనా వాడు," అంది. ఆ తర్వాత లేచి లైఫ్ జాకెట్ల గదికి తాళం వేసింది.

"పద. చెయ్యి మాత్రం నేను పట్టుకోను. నీ అంతట నువ్వే నడు."

కర్ర పిడిలో చీఫ్ గొంతు పలికింది. "శభాష్! వాళ్లు దిగిన లాడ్జిలో మిగతా ముఠా కూడా దొరికింది. ఇంకేం కావాలి నీకు?"

"ఒక పోలీసు జీపు సార్. ఇంకొకడు మిగిలాడు."

"ఎవడు? ఏ దేశంవాడు?"

"మన దేశంవాడే సార్," అన్నాడు ఏజెంటు. "అందుకే ఇన్నాళ్లూ మన కంటికి ఆనలేదు."