మూడు చేతుల నీళ్లు

పాలు పొయ్యి మీద పెట్టి కోడలు మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లింది. లేచాక అది మూడోసారి. అత్తగారి కలబంద నిన్నటికంటే పసుపెక్కింది. ఆకు నొక్కితే నానిన అట్టముక్కలా వేలు లోపలికి దిగింది. "మొక్క జాగ్రత్తమ్మా" అన్నదే ఆసుపత్రిలో ఆవిడ తనతో అన్న చివరి మాట. మూడు నెలలైనా కాలేదు. ఈ మొక్క కూడా పోతే ఈ ఇంట్లో తనకు ముఖం చెల్లదు. కాలూ చెయ్యీ ఆడక, మరో చెంబు నీళ్లు పోసింది.

వీధి చివర కుట్టుపని చేసే ఆడపడుచు దుకాణానికి వెళ్తూ తొంగి చూసి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమ్మ ఇరవై ఏళ్లు పెంచింది. నీ చేతికొచ్చాక మూడు నెలలు బతకలేదు వదినా."

కోడలు చెంబు కింద పెట్టింది. "రోజూ పొద్దున్నే చెంబుడు పోస్తున్నాను. ఇంకేం చెయ్యమంటావు?"

మామగారు పేపరు దించారు. "నువ్వు పోస్తున్నావా? సాయంత్రం నేను పోస్తున్నానే."

ఆడపడుచు నేల చూపులు చూసింది. మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ, ఇంట్లో ఇద్దరూ కునుకు తీసే వేళ తన దగ్గరున్న తాళంచెవితో లోపలికొచ్చి సీసాలో మిగిలిన నీళ్లు వంచిపోతున్నానని చివరికి ఒప్పుకుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు పోశారన్నమాట.

మట్టి పూర్తిగా ఎండిందని వేలు పెట్టి చూశాకే మీ అమ్మ పోసేదని మామగారు నెమ్మదిగా చెప్పారు.

"తెలిసీ ఎందుకు పోశారు నాన్నా?"

"దాని దగ్గర ఉత్తినే నిలబడితే ఏడుస్తున్నాననుకుంటారు. చెంబు ఉంటే ఎవరూ అడగరు."

పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

కోడలే ముందు కదిలి, పొయ్యి ఆపి, కుండీని పేపరు మీద బోర్లించింది. వేళ్లు నల్లగా కుళ్లి కంపు కొడుతున్నాయి. తల్లిమొక్క దక్కదు. పక్కన రెండు పిలకలు మాత్రం గట్టిగా ఉన్నాయి. ఆడపడుచు దుకాణం సంగతి మరిచి కత్తెర పట్టుకుంది. కుళ్లిన మేర కత్తిరించి, పిలకల్ని నీడన ఆరబెట్టారు. కోసినచోట ఎండాకే నాటాలి. అప్పటిదాకా చుక్క నీళ్లు తగలకూడదు.

మామగారు ఖాళీ చేతులు చూసుకున్నారు. "మరి సాయంత్రం నేనేం చెయ్యనమ్మా?"

కోడలు చేతుల మట్టి తుడుచుకుని ఆయన పక్కన కూర్చుంది.

"చెంబు లేకుండానే నిలబడండి మావయ్యగారూ. నేనూ వస్తాను."

"షాపు మూసి నేనూ వస్తాను వదినా," అంది ఆడపడుచు.