మామ స్టేటస్

ఆ ఇంటికి లోకంలో స్టేటస్ లేకపోయినా ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఒక స్టేటస్ ఉంది. పొద్దున లేవగానే ముందు ఫోను తుడుచుకోవడం, తర్వాత ముఖం కడుక్కోవడం. మనసు ఆ పూట ఎట్లా ఉందో చెప్పే పాట ఒకటి ఏరి స్టేటస్‌లో పెడితే గాని సూరత్ డిండోలీలోని ఆ గల్లీలో ఎవరికీ చాయ్ గొంతు దిగదు. మొగుడి మీద అలిగిన ఇల్లాలు విరహగీతం పెడుతుంది. జీతం ఆలస్యమైన మగవాడు భక్తిగీతం పెడతాడు. మాటలు బందైన ఎదురెదురు ఇళ్ళవాళ్ళు పాటలతోనే తిట్టుకుంటారు. పాట్లకు కరువు లేని బతుకుల్లో పాటలకు మాత్రం ఎందుకు కరువు?

ఆ విద్యలో గల్లీ మొత్తానికీ నీరజే మొనగత్తె. పేరులో నీరుంది గాని నాలుక మీద నిప్పుంది. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి సంపత్‌ను కట్టుకుని సూరత్ వచ్చింది. వచ్చి చూస్తే ఒకటే గది, వంటకొక మూల, అత్త, మామ, మామ దగ్గు. ఆ ఇరుకులో ఆమెకు దొరికిన వినోదం మామ రాజమల్లు.

రాజమల్లు మగ్గం మీదే మగ్గిపోయిన మనిషి. షెడ్డులోని కరెంటు మగ్గాల మోత అతని చెవులు రెండింటినీ నమిలి, ఆఖరికి అతన్నే ఇంటికి ఉమ్మేసింది. రోజూ పొద్దున ఫోను పట్టుకుని కోడలి దగ్గరికి వస్తాడు. "ఇయ్యాల మోకాళ్ళు గుంజుతున్నయి బిడ్డా, మనసు గూడ అట్లనే ఉన్నది. అసొంటి పాటొకటి పెట్టు," అంటాడు, చెవిటివాళ్ళకుండే పెద్ద గొంతుతో. నీరజ వినయంగా తలూపి, కుర్రకారు గంతులేసే పాట పెడుతుంది. అత్త ఎల్లవ్వకు జ్వరం వచ్చి ముసలాయన దిగులుపడ్డ రోజున రెండో పెళ్ళివాడి పాట పెట్టింది. రాజమల్లు తెర మీద పాడే మనిషిని పరీక్షగా చూసి, "మంచిగున్నది బిడ్డా," అని వెళ్ళిపోయేవాడు. గల్లీలోని ఫోన్లన్నిటి నుంచీ పడీపడీ నవ్వే బొమ్మలు వచ్చి పడేవి. నీరజకు అదే తీర్థం, అదే ప్రసాదం.

పాటలతో ఆగలేదు. వినబడని మనిషి ఎదురుగా ఉంటే నోటికి కళ్ళెం ఎందుకు? అన్నం వడ్డిస్తూ, పెదవుల మీద నవ్వు చెదరకుండా, "తిను మామా, తిని జల్ది పో, మంచమన్నా ఖాళీ అయితది," అనేది. సంపత్ "ఊకో యార్," అంటూనే నవ్వేవాడు. కొన్నాళ్ళుగా మామ గోడ వైపు తిరిగి కూర్చుని తింటున్నాడు. ముసలాయనకు బిర్రు, అదే పొగరు, ఎక్కువైందని నీరజ దానికి కూడా ఒక పాట పెట్టింది.

అత్త సంగతి ఆమెకు అంతు పట్టేది కాదు. ఎల్లవ్వ మొగుడితో మాట్లాడేటప్పుడు గొంతు ఎత్తదు, పెదవులు మాత్రం ఆడిస్తుంది. తమలపాకు లేని నమలుడు అనుకునేది నీరజ.

ఆ ఆదివారం పొద్దున నీరజ తీసి పెట్టుకున్న చీర మళ్ళీ పెట్టెలోకి పోయింది.

"డుమస్ సముద్రం సూపిస్తనంటివి గద," అంది మొగుడితో.

"బుచ్చిరాములు కాకది ఇయ్యాల పదోనాడు. బాపును తోల్కపోవాలె. వచ్చే ఐతారం పక్కా."

"వచ్చే ఐతారం ఇంకెవలో పోతరు. మీ బాపు దోస్తులు టోకెన్లు పట్టుకొని లైన్ల నిలబడ్డరు గద."

సంపత్ నవ్వాడు. నవ్వకపోతే ఆ పూట అక్కడితో ఆగేదేమో.

రాజమల్లు ఫోను తెచ్చి ఇచ్చాడు. భుజం మీద కొత్త తువ్వాల ఉంది, స్నేహితుడి ఫొటో ముందు పెట్టడానికి కొన్నది. "బుచ్చిగాని బొమ్మ పెట్టు బిడ్డా. మనసు రాయి లెక్క బరువుగున్నది. వానికి తగిన పాటొకటి సూడు," అని స్నానానికి వెళ్ళాడు.

"వానికి తగిన పాట," అని నీరజ మామ గొంతును అనుకరించింది. దారూ బందైన గుజరాత్‌లో కూడా దారి వెతుక్కుని, ఆ దారిలోనే పోయిన మనిషి బుచ్చిరాములు. దండ వేసిన ఫొటో కింద తాగుబోతులు తూలుతూ చిందులేసే పాట అతికించి వదిలింది. పొయ్యి దగ్గర అత్త చూస్తూనే ఉంది. చాయ్ గిన్నె పొయ్యి మీదికి ఎక్కించింది.

చాయ్ మరిగేలోపే గుమ్మంలో పాట వినిపించింది. పాటతో పాటు బుచ్చిరాములు భార్య కనకవ్వ నిలబడి ఉంది. కుంకుమ లేని నుదురు, చేతిలో కూతురి ఫోను, ఫోనులో ఆమె మొగుడి ఫొటో, ఫొటో వెనక సీసాల గలగల.

"ఎవలు పెట్టిన్రు ఇది?"

నీరజ గుండె జారింది గాని నాలుక జారలేదు. "అయ్యో, మామ ఫోను గదా చిన్నత్తా. ఆయనకు ఇనరాదాయె. ఏదో అనుకోని ఏదో ఒత్తిండు కావచ్చు."

అప్పుడే రాజమల్లు తడి తలతో బయటికి వచ్చాడు. కనకవ్వ అతని ఎదుటికి వెళ్ళి నిలబడింది. చెవిటివాడితో మాట్లాడినట్టు అరవలేదు. మెల్లగా, ఒక్కొక్క మాటే, అతని ముఖంలోకి చూస్తూ అడిగింది.

"నా మొగడు తాగి సచ్చిండని నాకు తెల్వదా మల్లన్నా? గది నువ్వు ఊరందరికీ పాట కట్టి చెప్పాల్నా? నువ్వేనా పెట్టింది?"

రాజమల్లు ఆమె చేతిలోని ఫోను చూశాడు. తర్వాత కోడలిని చూశాడు. నీరజ చూపు నేల మీద చీమను వెతుక్కుంది.

"నేనే పెట్టిన చెల్లె. తప్పయింది."

"అయితే ఇయ్యాల నా గడప తొక్కకు. నీ చేతి పువ్వు నా మొగని మీద పడొద్దు."

కనకవ్వ వెళ్ళిపోయింది. రాజమల్లు మంచం అంచున కూర్చుని కొత్త తువ్వాల మడత విప్పాడు, మళ్ళీ మడత పెట్టాడు. పక్కపక్క మగ్గాల మీద వయసంతా నేసిన స్నేహితుడికి ఒక పువ్వు వేసే రాత కూడా లేకుండా పోయింది.

గండం గడిచిందని నీరజకు ఊపిరి వచ్చింది. ఊపిరితో పాటు పాత అలవాటూ వచ్చింది. మామ వైపు జాలిగా చూస్తూ, చిరునవ్వు పెట్టుకుని, మొగుడితో అంది: "సూసినవా, మీ బాపు చెవిటితనం ఇన్నొద్దులకు ఒక పనికొచ్చింది. ఎంత పెద్ద నింద ఏసినా ఆయనకు ఇనబడదు."

"ఇనబడలే బిడ్డా," అన్నాడు రాజమల్లు. "కనబడ్డది."

చాయ్ పొంగి పొయ్యి మీద పడింది.

"బాపూ, నీకు..." అని సంపత్ ఆగిపోయాడు.

ఎల్లవ్వ పొయ్యి ఆర్పి, చేతులు తుడుచుకుని వచ్చింది. "మగ్గం ఆయన చెవులు తిన్నదిరా, కండ్లు తినలే. షెడ్డుల ఎవలకు ఎవల మాట ఇనబడతది? ఒకని మూతి ఒకడు సూసుకుంటనే మీ బాపు, బుచ్చిరాములు బతుకంత ముచ్చట పెట్టుకున్నరు. నువ్వు ఊర్ల ముసలమ్మ దగ్గర పెరిగినవు, షెడ్డు మొకం ఎన్నడు సూసినవు? చీరెల దుకాన్ల కూసుండెటోనివి, నీకేం ఎరుక?"

నీరజ అత్త వైపు తిరిగింది. "నాకెందుకు చెప్పలే అత్తమ్మా?"

"చెప్తనంటె ఆయనే వద్దన్నడు. పిల్ల తల్లిగారిని ఇడిసి వచ్చింది, నవ్వుతున్నది, నవ్వనీయే అన్నడు. మల్ల నాకు గూడ సూడాలనిపించింది, నీ నోరు ఎంత దూరం పోతదోనని. సూసిన. పీనుగ దాంక పోయింది."

నీరజ గోడ వైపు చూసింది. మామ రోజూ ముఖం తిప్పి తినే ఆ గోడ, పెచ్చులూడి, నూనె మరకలతో ఉంది. బిర్రు కాదు. ఆమె పెదవులు కనబడకుండా ఉంటే నాలుగు ముద్దలు దిగుతాయని అటు తిరిగాడు. ఆమె అన్న ప్రతి మాటా ఆయనకు చేరింది. చేరిన ప్రతి మాటకూ "చాలు బిడ్డా" అని కంచం జరిపాడు. చాలన్నది అన్నాన్ని కాదని ఆమెకు ఇప్పుడు తెలిసింది.

ఏడుపు వచ్చింది గాని, ఆ ముఖం ఆయనకు చూపించే ధైర్యం రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ తనే తీసేసింది. ఆయన ఎదుట కూర్చుని, గొంతు పెంచకుండా, కనబడేటట్టు అంది: "నడు మామా. నేను చెప్త."

కనకవ్వ ఇంటి ముందు చుట్టాలు, పక్క గల్లీల వాళ్ళు నిండి ఉన్నారు. అందరి ఫోన్లలోనూ ఆ పాట అప్పటికే ఒకసారి మోగినదే. నీరజ వాళ్ళ మధ్య నిలబడి, "ఆ పాట నేను పెట్టిన, సముద్రం సూసుడు తప్పిందన్న కోపంల. ఇయ్యాలది ఒక్కటే కాదు. ఇన్నొద్దులు మామ పేరు మీద పెట్టినయన్ని నేనే నవ్వుటానికి పెట్టిన," అంది. ఇన్నాళ్ళు పడీపడీ నవ్వే బొమ్మలు పంపినవాళ్ళంతా ఇప్పుడు ఆమె ముఖం వైపు చూశారు. ఒక్కరూ నవ్వలేదు.

కనకవ్వ ఆమెను కిందికీ మీదికీ చూసింది. "మల్లన్నది అంత నీచం చేసే చెయ్యి కాదని నాకు తట్టకపాయె. నీకు సముద్రం సూసుడు తప్పిందని నా మొగన్ని మల్ల సంపితివి." తర్వాత రాజమల్లు వైపు తిరిగి, పెదవులు స్పష్టంగా కదిలించింది. "లోపలికి రా అన్నా."

నీరజ కూడా అడుగు వేసింది. కనకవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు గడప బయట్నే ఉండు. నీ గొంతు నా ఇంట్ల ఇనబడొద్దు."

రాజమల్లు ఫొటో ముందు తువ్వాల పరిచాడు, పువ్వులు వేశాడు. చాలాసేపు దండ సర్దాడు. తర్వాత గుమ్మం వైపు తిరిగి, అందరికీ వినబడేంత పెద్దగా అన్నాడు:

"బుచ్చిగానికి తగిన పాట ఇంకా పెట్టలేదు బిడ్డా."

నీరజ ఫోను తీసింది. మళ్ళీ పెట్టేసింది. ఏరడానికి వేళ్ళు రాలేదు. తెలిసిన పాటలన్నీ వెక్కిరింతకు వాడేసింది. మిగిలింది ఒక్కటే, చిన్నప్పుడు నాయనమ్మ నూలు కండెలు చుడుతూ పాడేది, ఊరు దాటి పోయే మనిషిని పొలిమేర దాకా సాగనంపే పాట. దాన్ని ఆమె ఎన్నడూ ఏ స్టేటస్‌లోనూ పెట్టలేదు.

గడప బయట మోకాళ్ళ మీద కూర్చుని, మామ ముఖంలోకి చూస్తూ, గొంతు లేకుండా పాడింది. లోపల కూర్చున్నవాళ్ళకు ఏమీ వినబడలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి, వాటి మీదుగా కన్నీళ్ళు జారుతున్నాయి. రాజమల్లు రెప్ప వేయకుండా చూస్తూ, ఒక్కొక్క మాటకూ తలూపుతున్నాడు. మధ్యలో ఆగి, చెయ్యి ఎత్తాడు.

"మూతి వణుకుతున్నది బిడ్డా. పోగు తెగుతున్నది. మల్ల మొదట్నుంచి పాడు."

కనకవ్వ తలుపు వేయడానికి లేచి వచ్చింది. రెక్క మీద చెయ్యి వేసి, కదులుతున్న ఆ పెదవుల వైపు చూసింది. ఆమె కూడా మగ్గం మనిషి భార్యే.

తలుపు వేయకుండా అక్కడే కూర్చుంది.