పరుగులో దాగిన గజాలు

శనివారం పొద్దున్న వ్లాస్టా గసగసాలు నింపిన కొలాచీ బన్నులు ఓవెన్‌లోంచి తీసేసరికి వంటింటి బల్ల మీద పళ్లెం పెట్టే చోటు లేదు. కొడుకు లీలండ్ కాగితాలు పరిచేశాడు. సోమవారం రాజధాని లింకన్‌లో రాష్ట్ర ఫైనల్. బంతిని చేత్తో పట్టి ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌కు ఊరి హైస్కూలు కోచ్‌గా అతనికిదే మొదటి ఫైనల్. చనిపోయిన తండ్రి ఇదే జట్టుకు రెండు కప్పులు తెచ్చాడు. ఊరు ఆ మాట మరిచిపోదు, లీలండ్‌ను మరిచిపోనివ్వదు.

"ఇందులో ఆలోచించడానికేముంది, కొరీన్?" అన్నాడు భార్యతో. "మనం బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తే జట్టు. వాళ్లు విసిరే జట్టు. పాసుల్లో ఆటకి రెండొందల నలభై గజాలు ముందుకెళ్తారు, పరుగులో డెబ్భై. మనవాళ్లను వెనక్కి పంపి పాసులు ఆపితే వాళ్ల పని అయిపోయినట్టే."

వ్లాస్టా చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. డెబ్భై ఆరేళ్లొచ్చినా అంకెలు కనిపిస్తే ఆవిడ ఊరుకోలేదు.

"డెబ్భయ్యేనా? అంత తక్కువెందుకురా?"

"పరుగెత్తడం చేతకాక."

"ఏమో! బంతి విసరకముందే వాళ్ల కుర్రాణ్ణి ఎన్నిసార్లు పడగొట్టారో చూశావా?"

"అమ్మా, వాళ్ల రెండు ఆటల వీడియో చూశాను. మొత్తం విసురుడే."

"ఆ రెండింట్లోనూ వాళ్లు స్కోరులో వెనకబడ్డారని నువ్వే చెప్పావుగా. వెనకబడ్డవాడు త్వరగా అందుకోవాలని విసరక ఏం చేస్తాడు?" అంటూ కాగితం మూల పెన్సిలుతో ఏదో రాసి కూడసాగింది.

లీలండ్‌కు చిర్రెత్తుకొచ్చింది. "నాన్నకిలాగే అడ్డం తగిలేదానివా? ఆయన కోచింగ్ చేస్తే నువ్వు కొలాచీలు చేశావు. ఇప్పుడూ అదే చెయ్యి!"

నలభై ఏడేళ్లు వచ్చాయి, నోరు అదుపులో పెట్టుకోవడం మాత్రం రాలేదు. వ్లాస్టా పెన్సిలు బల్ల మీద పెట్టి, బట్టలు ఉతికే గదిలోకి వెళ్లిపోయింది.

"నోరు పారేసుకునే ముందు ఆవిడ ఏం రాసిందో చూడొచ్చుగా!" అంది కొరీన్.

చూశాడు. స్కూలు ఆటల లెక్కలో ఒక తిరకాసు ఉంది. విసరబోయేవాణ్ణి వెనకే పడగొడితే, నష్టపోయిన గజాలను పరుగు లెక్కలోంచి కోస్తారు. టీవీలో వచ్చే పెద్దవాళ్ల ఆటలో అయితే పాసుల్లోంచి కోస్తారు. లీలండ్‌కు తెలియక కాదు, ఆదివారాలు టీవీ చూసి చూసి కళ్లు ఆ పద్ధతికే అలవాటు పడ్డాయి.

ఆవిడ మూలన రాసిన ప్రకారం, పన్నెండు ఆటల్లో ఆ కుర్రాణ్ణి అరవైసార్లు పడగొట్టారు. పోయినవి నాలుగొందల ఎనభై గజాలు. ఆటకి ఇరవై అని రాసున్న పరుగుల్లో ఐదు నిజానికి ఈ పడిపోవడాలే. వాటిని తీసి పక్కన పెట్టి మళ్లీ లెక్కేశాడు. పరుగుకి మూడున్నర గజాలు అనుకున్న జట్టు నిజానికి ఏడు గజాలకు పైనే పరుగెత్తుతోంది. తను అందరినీ వెనక్కి పంపితే వాళ్లకు దారి తెరిచినట్టే. కాగితం పట్టుకుని బట్టలు ఉతికే గదికి నడిచాడు.

వ్లాస్టా తువాళ్లు మడత పెడుతోంది.

"అమ్మా, నీకిదెలా తట్టింది?"

"ముప్ఫై ఏళ్లు జట్టు లెక్కలు రాసింది నేనే కదరా. మీ నాన్నకు అంకెలంటే తలనొప్పి. ఫైనళ్లకు ముందు అవతలివాళ్లు ఎప్పుడు పరుగెత్తుతారో, ఎప్పుడు విసురుతారో రాసిస్తే, దాన్నిబట్టి ఆడించేవాడు."

"రెండుసార్లూనా? నాకెప్పుడూ చెప్పలేదే!"

"ఎవరూ అడగలేదు."

లీలండ్ గుమ్మానికి ఆనుకున్నాడు. నాన్న బుర్రలో సగమైనా తనకు రాలేదని ఇన్నేళ్లూ కుమిలిపోయాడు. ఆ బుర్రలో సగం ఈవిడది. ఆవిణ్ణేనా ఇందాక కొలాచీలు చేసుకోమన్నది? కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తప్పయిపోయిందమ్మా. ఇప్పుడడుగుతున్నాను, ఏం చేద్దాం?"

"ఆపే విద్య నీది. నాకు తెలిసింది లెక్కే," అంది. ఆవిడ కళ్లలో మళ్లీ ఆరా. "ఆధిక్యంలో ఉన్నప్పుడు ఏం చేస్తారు వాళ్లు? ఆ కాగితాలున్నాయా?"

"ఉన్నాయి. సోమవారం మైదానంలో నా పక్కన నిలబడతావా?"

"పిల్లలకు నేనెవరని చెప్తావురా?"

"నాన్నకు రెండు కప్పులు తెచ్చిపెట్టిన మనిషని."

వ్లాస్టా చేతిలో ఉన్న తువాలులో ముఖం దాచుకుని, భర్త పోయిననాడు కూడా ఏడవనంతగా ఏడ్చింది.