అమ్మా అని పిలిచిన గొంతు

"కుక్కర్ దించితే పప్పు ఎట్టా ఉడుకుద్దే? నీ వదిన ఉపన్యాసానికి ఉడుకుద్దా?" దుర్గమ్మ గరిటెతో స్టవ్ గట్టు మీద కొట్టింది.

"కాసేపు ఆగండత్తయ్యా. వదిన జూమ్‌లో ఉంది. నిన్న లైవ్ మధ్యలో మన విజిల్ ఊరంతా విన్నది."

"విననీ. ఈ ఇంట్లో పొయ్యి వెలుగుతుందని తెలుస్తది."

"ఎగస్పార్టీ వాళ్ళు దాన్ని వీడియో చేసి తిప్పుతున్నారమ్మా," హాల్లోంచి శివాజీ అన్నాడు. "మూడో విజిల్‌కి హామీ ఉడికిందంట."

దీపిక నవ్వలేదు. కుక్కర్ దించి పక్కన పెట్టింది. అత్తగారు మూతి తిప్పుకుంది.

కరోనా రెండో విడత నరసరావుపేటను కుదిపేస్తున్న రోజులు. మునిసిపల్ ఎన్నికల ప్రచారానికి అదే ఆఖరి రోజు. స్వతంత్రుల ప్యానెల్‌కు పెద్దగా నిలబడ్డ తిరుపతమ్మ దుర్గమ్మకు పెద్ద కూతురు, దీపిక భర్త శివాజీకి అక్క. నామినేషన్ వేసిన వారానికే పాజిటివ్ వచ్చింది. తమ్ముడింటి పై గదిలో, పక్కన ఆక్సిజన్ మిషన్ పెట్టుకుని, ప్రచారమంతా ఫోన్ మీదే నడిపిస్తోంది. ఆ ఫోన్లు, గ్రూపులు, లైవ్‌లు చూసే మేనేజర్ లిఖిత గుంటూరు ఆఫీసులో ఉంటుంది. ఈ ఇంట్లోవాళ్ళు ఆమెను స్క్రీన్ మీద తప్ప చూడలేదు. మేకప్ చెదరదు, మాట తడబడదు.

దీపిక ఫోన్ మోగింది.

"గ్యాస్ ఏజెన్సీ అండీ. రెగ్యులేటర్ లీకవుతోందా?"

"లీకు లేదు. వాసన వస్తోంది," అంటూ దీపిక పెరట్లోకి నడిచింది.

ఇంట్లోవాళ్ళ లెక్కలో ఆమె ఇంటి నుంచే డేటా ఎంట్రీ చేసే ఉద్యోగి. అసలు ఉద్యోగం కౌంటర్ ఇంటెలిజెన్స్, విదేశీ గూఢచారుల ఆట కట్టించడం. రెగ్యులేటర్ అన్న మాట వినబడితే ఆపరేషన్ మొదలైనట్టు.

"ఎక్కడికి వెళ్ళాలి సార్?"

"ఎక్కడికీ వద్దు. మీ ఇంట్లోనే," అన్నాడు ఆమె పై అధికారి మేజర్ సుభానీ. "ఒక విదేశీ ముఠా. కోడ్‌నేమ్ ఫెర్రీ. కొన్ని గంటలు గొంతు వింటే చాలు, అచ్చం ఆ మనిషిలాగే మాట్లాడే సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. కొనేవాళ్ళకు డెమో చూపించడానికి చిన్న ఊరు, చిన్న ఎన్నిక కావాలి. మీ వదిన రోజంతా ఫోన్‌లోనే ఉంటోంది. అంతకంటే మంచి శాంపిల్ ఎక్కడ దొరుకుతుంది?"

"టార్గెట్?"

"ఈ సాయంత్రం ఆరింటికి ఊళ్ళో ప్రతి ఫోనూ మోగుతుంది. మార్కెట్ యార్డులో ఆక్సిజన్ సిలిండర్లు ఉచితం, వెంటనే రండి అని మీ వదిన గొంతు పిలుస్తుంది."

దీపిక కళ్ళు మూసుకుంది. ఆటోల్లో, బైకుల మీద, మంచాలతో సహా వస్తారు. యార్డు గేటు దగ్గర తొక్కిసలాట. బతికి బయటపడ్డవాళ్ళు జబ్బు ఇంటికి మోసుకెళ్తారు. పిలిచిన పేరు మాత్రం తిరుపతమ్మది.

"ఎక్కణ్ణుంచి పంపుతున్నారు?"

"తెలియదు. ఎవరో పేరు లేకుండా మెయిల్ పెట్టారు. అందులో ఇంతవరకే ఉంది."

ఆమె లోపలికి వచ్చేసరికి దుర్గమ్మ ఫోన్ చేతిలో పట్టుకుని మెట్ల వైపు చూస్తోంది. పైన తిరుపతమ్మ గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది.

"ఏమే దీపికా, ఇది పైన లైవ్‌లో మాట్టాడతంది కదా? మరి నాకు ఫోన్ జేసిందేంది?"

"ఏమంది అత్తయ్యా?"

"అమ్మా, ఒంట్లో ఎట్టా ఉంది, మందులేసుకున్నావా అంది. గొంతు దానిదే. కానీ అది నన్ను అమ్మా అందే! పుట్టి బుద్ధెరిగిన కాణ్ణుంచి ఒక్కనాడన్నా అన్నదా? నా తమ్ముళ్ళు మా ఇంట్లో ఉండి చదువుకునేటప్పుడు అక్కా అక్కా అంటా తిరిగారు, ఇదీ అదే పట్టుకుంది. పెళ్ళై పిల్లలు పుట్టినా అక్కానే. నాకు ఒళ్ళు జలదరించిందనుకో. పెట్టేశా."

దీపిక ఆ ఫోన్ అందుకుంది. ముఠా టెస్ట్ కాల్ చేసింది. కన్నతల్లే నమ్మితే ఊరు నమ్ముతుందని లెక్క. లైవ్‌లలో తిరుపతమ్మ "మా అమ్మ" అనే చెబుతుంది. ఇంట్లో ఏమని పిలుస్తుందో యంత్రానికి తెలిసే దారి లేదు.

ఇంకో సంగతి కూడా తట్టింది. దుర్గమ్మ ఈ నంబరు తీసుకుని వారమే అయింది. ఇంటి బయట అది తెలిసిన మనిషి, లైవ్ లింకులు పంపడానికి అడిగి తీసుకున్న లిఖిత ఒక్కతే.

కాల్ వివరాలు, లిఖిత పేరు మేజర్‌కు పంపింది. కాసేపట్లోనే జవాబు వచ్చింది: "గుంటూరు కాదు. వినుకొండ రోడ్డు. ఇల్లు నువ్వే పట్టుకోవాలి. మావాళ్ళు చేరేసరికి ఆరు దాటుతుంది."

"పీపీఈ కిట్ ఎందుకే?" అన్నాడు శివాజీ.

"మందులు తేవాలి."

"షాపు సందు చివరేగా?"

అప్పటికే స్కూటీ కదిలింది.

వినుకొండ రోడ్డులో పోలీసులు ఆపలేదు. తెల్ల కిట్, ముఖానికి షీల్డ్, వీపున స్ప్రేయర్. ఆ రోజుల్లో అంతకు మించిన మారువేషం లేదు. చూసినవాళ్ళే పక్కకు తప్పుకున్నారు. వేలికి పల్స్ ఆక్సీమీటర్ తగిలించుకుంది. అది చూపించేది ఒంట్లో ఆక్సిజన్ కాదు, గాలిలో సిగ్నల్. డెబ్భై. ఎనభై. పెళ్ళిళ్ళు లేక మూతబడ్డ ఒక ఫంక్షన్ హాలు ముందు తొంభై తొమ్మిది దగ్గర నిలిచింది.

గేటు దగ్గర ఇద్దరు బలిసిన మనుషులు అడ్డం వచ్చారు.

"ఏయ్, ఎవరు?"

"శానిటేషన్. లోపల మేడమ్‌కి పాజిటివ్. మీరిద్దరూ కాంటాక్టులు. టెస్ట్‌కి పదండి, ముక్కులో పుల్ల పెట్టాలి."

ఒకడు మాస్కు ముక్కు మీదికి లాక్కున్నాడు. "ఒరేయ్, నేను పొద్దున ఆమె చేతి టీ తాగానురా!" రెండోవాడు అప్పటికే రోడ్డు మీద ఉన్నాడు.

పెళ్ళికూతురి గదిలో నిలువుటద్దాల ముందు కంప్యూటర్లు వరసగా ఉన్నాయి. రింగ్ లైట్ వెలుగులో పట్టుచీరతో లిఖిత కూర్చుని ఉంది. వెనక గోడకు గుంటూరు ఆఫీసు బొమ్మ వేలాడుతోంది. దీపిక షీల్డ్ ఎత్తింది.

లిఖిత అరవలేదు. "ఇంత ఆలస్యమా?" అంది.

"మెయిల్ నువ్వే పెట్టావా?"

"సగమే పెట్టగలిగాను. అడ్రస్ టైప్ చేసి తీసేశాను." ఆమె గడియారం వైపు చూసింది. "మా అమ్మ నూజెండ్ల నుంచి గుంటూరు వచ్చి మూడు ఆస్పత్రుల ముందు ఆటోలో పడుకుంది. నాలుగో చోట వీళ్ళు బెడ్ ఇప్పించారు. కడుతున్నదీ వీళ్ళే. నేను ఎదురుతిరిగితే రేపు బయట పడుకోబెడతారు."

"కాల్స్ ఆపు."

"ఆపలేను. సర్వర్ బయటి దేశంలో ఉంది, కోడ్ వీళ్ళ బాస్ దగ్గర ఉంది. ఆడియో ఫైల్ ఒక్కటే నా చేతిలో ఉంది. ఆరుకు ముందు మార్చొచ్చు."

దీపిక ఫోన్ తీసింది. "వదినా, ఒక్క నిమిషం మాట్లాడాలి. ఊరంతా వింటుంది. ఎందుకని అడక్కు." జరగబోయేది రెండు ముక్కల్లో చెప్పి, ఫోన్ లిఖిత మైక్ దగ్గర పెట్టింది.

అవతల దగ్గు వినిపించింది. తరవాత తిరుపతమ్మ మొదలుపెట్టింది, మాటకీ మాటకీ మధ్య ఊపిరి లాగుతూ.

"నేను తిరుపతమ్మను. యార్డులో సిలిండర్లు లేవు. నా గొంతుతో ఎవరు రమ్మన్నా ఎవరూ కదలొద్దు. జొరం ఉన్నోళ్ళు ఎల్లుండి నాకు ఓటెయ్యను కూడా రావొద్దు. ఓడిపోతే ఓడిపోతా. మీరు ఇళ్ళల్లో ఉండండి, చాలు."

స్పీకర్‌లో విదేశీ ఇంగ్లీషు పలికింది. "లిఖితా, ఫైల్ సైజ్ మారుతోంది. ఎందుకు?"

"నాయిస్ క్లీన్ చేస్తున్నాను."

"పాతదే ఉంచు. మీ అమ్మ బెడ్ నంబరు నాకు గుర్తుందని మర్చిపోకు."

లిఖిత చెయ్యి గాలిలో ఆగిపోయింది. దీపిక ఆ చేతిని పట్టుకోలేదు. "ఆ యార్డుకి వచ్చేదీ ఇట్టా ఆటోలో పడుకున్న తల్లులే," అంది.

లిఖిత కళ్ళు మూసుకుని ఎంటర్ నొక్కింది. స్క్రీన్ మీద పచ్చగీత పాకుతోంది. తొంభై శాతం. తొంభై ఐదు. వంద కనపడీ కనపడక ముందే గడియారం ఆరు కొట్టింది.

రోడ్డు మీద ఫోన్లు మోగాయి. పక్క కొట్టులో, ఎదురు మేడ మీద, పారిపోతున్న కాపలావాళ్ళ జేబుల్లో. దీపిక ఫోన్ కూడా మోగింది. ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. ఒక క్షణం నిశ్శబ్దం.

తరవాత దగ్గు.

అంత హాయైన దగ్గు ఆమె ఎప్పుడూ వినలేదు.

యార్డుకు ఎవరూ రాలేదని మేజర్ తరవాత చెప్పాడు. లిఖితను ఆయన మనుషులు తీసుకెళ్ళారు. ఆమె సాక్ష్యంతో ఫెర్రీ వాళ్ళు ఇంకో రెండు ఊళ్ళలో దొరుకుతారని కూడా అన్నాడు. బెడ్ గురించి అడిగితే మాత్రం, "గుంటూరు నుంచి హైదరాబాద్ దాకా ఒక్కటీ ఖాళీ లేదు," అని ఊరుకున్నాడు.

దీపిక ఇంటికొచ్చి స్నానం చేసి వచ్చేసరికి అందరూ ఉన్నారు. దుర్గమ్మ, శివాజీ కంచాల ముందు, మాస్కుతో తిరుపతమ్మ పై మెట్టు మీద.

"గుంటూరు నుంచి లిఖిత వాళ్ళమ్మను మనింటికి తీసుకొస్తున్నా," అంది దీపిక మెల్లగా. "గండం గడిచిందన్నారు. కాస్త ఆక్సిజన్, వేళకి అన్నం ఉంటే చాలంట. అంబులెన్స్ మాట్లాడాను. పైన రెండో గదిలో ఉంటుంది. నేను చూసుకుంటాను."

శివాజీ కంచం పక్కకు జరిపాడు.

"ఆ పిల్ల ఏదే?" అంది దుర్గమ్మ.

"దూరం వెళ్ళింది. ఇప్పట్లో రాదు."

తిరుపతమ్మ మరదలి ముఖంలోకి చాలాసేపు చూసింది. తన గొంతు ఎవరు అమ్మారో ఆమెకు అర్థమైనట్టే ఉంది. "ఆక్సిజన్ మిషన్ ఆమెకి పెట్టండి," అంది. "నాకు తొంభయ్యారు చూపిస్తంది."

దుర్గమ్మ దుప్పట్ల బీరువా వైపు నడిచింది. శివాజీ మంచం ఒక కొస పట్టుకున్నాడు.

"డేటా ఎంట్రీ అంటే కూర్చుని చేసే పనన్నావు కదే?"

"కూర్చోనిస్తేగా," అంది దీపిక, రెండో కొస ఎత్తుతూ.