లాకు బంగళా దగ్గర చప్పుడు

బాపట్ల నుంచి రేపల్లె వచ్చే దారిలో పాత లాకు బంగళా ఉందే... చీకటి పడ్డాక దాని పేరు ఎవరూ ఎత్తరు. ఒకపక్క నీళ్లని ఆపే లాకుతో నల్లటి కాలవ, ఇంకోపక్క తలుపుల్లేని ఆ బంగళా. 2004లో, ఒక్క ఏడాదిలోనే మూడు మోటారు సైకిళ్లు అక్కడ ఆగిపోయాయి. ఆగే ముందు, లోపల ఎవరో గోడని సుత్తితో కొడుతున్నట్టు — ఠక్ ఠక్ ఠక్... బతికొచ్చిన ఇద్దరూ అదే మాట చెప్పారు. మూడోవాడు ఆదాము. తెల్లారి కాలవలో దొరికాడు.

ఆ ఇద్దరి బళ్లూ బాగుచేసింది రేపల్లె మెకానిక్కు అయాజే. చేతుల నిండా గ్రీజు, కళ్ల నిండా కలలు. లోపల కాలిపోయిన పిస్టన్లు చూసి, దెయ్యం పనేనని అందరికంటే ముందు నమ్మింది కూడా అతనే.

ఆదాము పోయాక ఒక సాయంత్రం అయాజ్, అతని స్నేహితుడు లూకా బాపట్లలో ఒక కాలేజీ ల్యాబుకి బళ్లు తీసుకెళ్లారు. అక్కడ డైనో ఉంది. వెనక చక్రాన్ని ఇనుప రోలరు మీద పెట్టి తిప్పితే, ఇంజను ఎంత బలంగా లాగుతుందో ముల్లు చూపిస్తుంది. అయాజ్ బళ్లన్నీ అక్కడే ట్యూన్ చేసేవాడు.

కార్బురేటర్లో పెట్రోలు కాస్త తగ్గించాడు. స్పార్కు తొందరగా పడేలా టైమింగు ముందుకి జరిపాడు. పావు నిమిషం రేజ్ చేశాడు. ముల్లు లేచింది. ఇంకొంచెం తగ్గించాడు... ఇంకొంచెం లేచింది. దాంతోపాటు అతని గుండె కూడా. లూకా బండికీ అలాగే చేశాడు.

"చాల్లేరా, మమ్మల్ని గాల్లోకి లేపుతావా ఏంటి?" అన్నాడు లూకా.

"అన్నం తినేసి పో తమ్ముడూ, మా అమ్మావాళ్లిల్లు ఇక్కడే కదా, మేమూ తినేసి నీ వెనకే వస్తాం," అంది పుట్టింటి నుంచి ల్యాబు దగ్గరికి వచ్చిన లూకా భార్య సారా. ఆమెకి ఐదో నెల.

"లేదక్కా, ఇంటి దగ్గర ఎదురుచూస్తుంటారు."

"ఎవరో ఆ ఎదురుచూసేది?"

అయాజ్ సిగ్గుపడి కిక్ కొట్టాడు.

వెన్నెల కాలవ మీద పాలు పోసినట్టుంది. చెరుకుపల్లి దాటాక బంగళా దాకా ఆరు కిలోమీటర్లు దారి తిన్నగా ఉంటుంది. అక్కడికొస్తే ఎవరి చెయ్యయినా యాక్సిలేటరు పూర్తిగా తిప్పేస్తుంది. అతనూ తిప్పాడు.

బంగళా దగ్గరపడింది...

ఠక్... ఠక్ ఠక్...

వెనక చక్రం బిగుసుకుపోయింది. క్లచ్ మీదున్న చెయ్యి దానంతటదే నొక్కేసింది కాబట్టి సరిపోయింది. బండి జారుకుంటూ పోయి గడ్డిలో పడింది.

అంతా నిశ్శబ్దం. ఆ ఠక్ ఠక్ కూడా లేదు.

టార్చి వెలుగులో స్పార్కు ప్లగ్గు విప్పాడు. కొస తెల్లగా మాడిపోయింది. పెట్రోలు చాలక ఇంజను మరీ వేడెక్కితేనే అలా అవుతుంది.

బంగళాలో ఎవరూ లేరు. ఆ కొట్టుకునేది ఇంజనే... గోడకి తగిలి తిరిగొచ్చే చప్పుడది. డైనో మీద పావు నిమిషానికి ఏమీ కాదు. దారి మీద మూడు నాలుగు నిమిషాలు లాగితే — చాలినంత పెట్రోలు లేక, ముందే పడే స్పార్కుకి — పిస్టన్ కాలిపోయి పట్టేస్తుంది. సరిగ్గా ఇక్కడికొచ్చేసరికి. ఆగిపోయిన మూడు బళ్లూ తను ట్యూన్ చేసినవే. ఆదాముదీ.

అప్పుడే దూరంగా ఇంకో బండి చప్పుడు.

లూకా. వెనక సారా.

సెల్లు తీశాడు. సిగ్నల్ లేదు. దారికి అడ్డంగా పరిగెత్తి రెండు చేతులూ ఊపాడు. "లూకా... ఆపరా... నేనురా." ఆ హోరులో తన గొంతు తనకే వినపడలేదు. తనేనని తెలియాలని, టార్చి గడ్డం కింద పెట్టుకుని మొహం మీద వేసుకున్నాడు.

హెడ్‌లైటు ఒక్క క్షణం తడబడింది.

పక్కనుంచి దూసుకుపోతుంటే సారా గొంతు వినిపించింది. "చూడకండి... ఆపకండి... యేసయ్యా..."

లూకా ఆపలేదు. ఇంకా తిప్పాడు.

ఠక్ ఠక్ ఠక్ ఠక్...

ఎర్ర లైటు వెనక అయాజ్ పరిగెత్తాడు. బండి వంద గజాలు కూడా పోలేదు, ఇంజను చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది.

నిలబడిపోయాడు. నీళ్లలో ఏదైనా పడ్డ చప్పుడు వినపడకూడదని... ఊపిరి బిగబట్టి, చెవులు కాలవ వైపే పెట్టి.