పిచ్చుక అడిగిన దారి

లిఫ్టులు బాగుచేసేవాడికి లిఫ్టంటే భయం ఉండదు. పద్దెనిమిదేళ్లుగా అదే పనిలో ఉన్న ఆయనకి అసలే లేదు. తాళ్లు తెగి లిఫ్టు కింద పడుతుందేమోనని ఎవరైనా అంటే నవ్వేవాడు. "ఒక తాడు తెగితే మిగతావి మోస్తాయి. అన్నీ తెగితే కింద బ్రేకులు కరుచుకుంటాయి. మీ బాత్రూం కన్నా ఇదే భద్రం" అనేవాడు.

ఆ రోజు సెలవు. తొమ్మిదంతస్తుల ఆఫీసు భవనంలో గేటు దగ్గర వాచ్‌మన్ తప్ప పురుగు లేదు. ఐదో అంతస్తు దాటాక లిఫ్టు కిర్రుమంటోందని ఫిర్యాదు వస్తే, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయనా, బావమరిదీ కలిసి వచ్చారు. ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే వ్యాను. బావమరిది మెట్లెక్కి పైనున్న మోటారు గదిలోకి వెళ్లాడు. చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో వినడానికి ఆయన లిఫ్టులో ఎక్కాడు.

"బావా, ఎక్కావా?" గోడకున్న ఇంటర్‌కంలో బావమరిది గొంతు.

"ఎక్కా. పైకి లాగు."

ఐదు దాటింది. కిర్రుమంది. ఆ వెంటనే గట్టిగా ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

"బోర్డు మాడినట్టుంది. వాసనొస్తోంది. ఓ అరగంట ఓపిక పట్టు."

"తొందరేం లేదు. మీ అక్క దగ్గర కూర్చోవడం కన్నా ఇక్కడే ప్రశాంతంగా ఉంది."

బావమరిది నవ్వాడు. ఆయన గోడకి వీపు ఆనించి కింద కూర్చుని ఫోన్లో ఆట తెరిచాడు.

ఆ ఆట సంగతి కొంచెం చెప్పాలి. వేలమంది ఒకేసారి ఆడతారు. ఎవరి వేషం వాళ్లది, ఎవరి ఆయుధం వాళ్లది. ఊళ్లో ఉన్నంతసేపూ కబుర్లాడుకోవచ్చు. పొలిమేర దాటి అడవిలోకొస్తే మాత్రం మనుషుల్ని మనుషులే చంపుకోవచ్చు. చచ్చినవాడు పది సెకన్లయ్యాక అడవి మధ్యనున్న నల్లరాయి దగ్గర మళ్లీ లేస్తాడు. వాడి పాత శవం మాత్రం చాలాసేపు అక్కడే పడి ఉంటుంది.

పొద్దున్నించీ సాయంత్రం దాకా అందరి చేతా మాటలు పడే ఆయన, ఆ అడవిలో గండ్రగొడ్డలి అనే పేరుతో తిరిగేవాడు. పేరు చెబితే జనం దారి మార్చుకునేవాళ్లు. తన ముఠాలో నలుగురితో కలిసి ఆ నల్లరాయి చుట్టూ కాపు కాసేవాడు. లేచినవాణ్ణి లేచినట్టే నరికేవాడు.

మూడు వారాల కిందట పిచ్చుక అనే పేరుతో ఒకడు దొరికాడు. చేతిలో కొత్తగా చేరినవాళ్లకిచ్చే కర్ర. మొదటి దెబ్బకే పడ్డాడు. లేచాడు. మళ్లీ పడ్డాడు.

"అన్నా, దారివ్వండి. ఊళ్లోకెళ్లాలి. మావాళ్లు నాకోసం చూస్తున్నారు" అని రాశాడు పిచ్చుక.

"దమ్ముంటే దాటు" అని ఈయన రాశాడు. ముఠా అంతా పగలబడి నవ్వింది.

పక్కన సోఫాలో కూర్చుని చూస్తున్న బావమరిది, "పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమా బావా? పోనివ్వరాదూ" అన్నాడు. "ఆటేరా" అన్నాడీయన. పదకొండుసార్లు చంపాడు. పదకొండు శవాలూ గుట్టగా పడి ఉంటే ఫొటో తీసుకున్నాడు.

రెండు రోజుల తర్వాత ఆటలోనే ఒక ఉత్తరం వచ్చింది. పిచ్చుక వాళ్ల అక్క రాసింది. 'మా తమ్ముడు ఆస్పత్రి మంచం మీంచి ఆడేవాడు. వేళ్లు తప్ప ఒంట్లో ఏదీ కదిలేది కాదు. ఇంక ఎక్కువ టైం లేదని తెలిసి స్నేహితులందరినీ ఆ ఊళ్లో కలుస్తానన్నాడు. మీరు దారివ్వలేదు. ఆ సాయంత్రమే పోయాడు.'

ఆయన రెండుసార్లు చదివాడు. చెరిపేశాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి ఆట తెరవలేదు. మర్నాటి నుంచి మళ్లీ మామూలే.

ఇప్పుడు లిఫ్టులో ఆట తెరుచుకుంది. నల్లరాయి దగ్గర ముఠావాళ్లెవరూ లేరు. రాయి పక్కన ఒక్కడే నించుని ఉన్నాడు, చేతిలో కర్రతో.

తల మీద పేరు, పిచ్చుక.

ఆయన ఆ పేరు మళ్లీ చదివాడు. వాళ్ల అక్క ఆడుతోందేమో అనుకున్నాడు. గొడ్డలి దించి, "ఎవరండీ? అక్కగారా?" అని రాశాడు.

పిచ్చుక నడిచొచ్చి కర్రతో ఒక్కటేశాడు. ఏళ్లతరబడి పెంచుకున్న గండ్రగొడ్డలి ఆ ఒక్క దెబ్బకి నేలకూలాడు.

తెర మీద అంకెలు తిరిగాయి. పది... తొమ్మిది... ఎనిమిది...

లిఫ్టులో దీపం ఆరిపోయింది. ఫోను వెలుగు మాత్రం మిగిలింది.

"బావా," ఇంటర్‌కం పలికింది. "నువ్వొక్కడివే కదా ఎక్కింది?"

"ఇంకెవరుంటారు?"

"ఏం లేదు. ఇక్కడ లోపలి బరువు నూట నలభై చూపిస్తోంది."

ఆయన బరువు డెబ్బై. "మీటరు పోయుంటుందిలే. ముందు బోర్డు సంగతి చూడు."

గండ్రగొడ్డలి రాయి దగ్గర లేచాడు. లేచీ లేవగానే కర్రదెబ్బ. పక్కనే రెండో శవం.

ఆయన ఆట మూసేయబోయాడు. 'పోరులో ఉండగా బయటికి వెళ్లడం కుదరదు' అని వచ్చింది. అది ఆ ఆటలో ఎప్పుడూ ఉండే నియమమే. ఓడిపోతున్నవాళ్లు పారిపోకుండా పెట్టింది. ఫోనునే ఆపేద్దామని బొత్తం నొక్కి పట్టుకున్నాడు. పది లెక్కపెట్టేదాకా పట్టుకున్నాడు. తెర ఆరలేదు.

గాలి బరువెక్కింది. చెమట వాసన. తనదే. చొక్కాకంటిన గ్రీజు వాసన కూడా తనదే... కానీ వీపు వెనకనించి వస్తోంది. వీపు వెనక గోడ కదా ఉండాలి?

చెయ్యి వెనక్కి పెట్టి చూడబోయాడు. పెట్టలేకపోయాడు.

మూడోసారి పడ్డాడు. ఎడమ మోచేతికి ఏదో మెత్తగా, వెచ్చగా తగిలింది. ఆయన కాళ్లు ముడుచుకున్నాడు. నాలుగోసారి ఫోను బోర్లా పెట్టేశాడు. చీకట్లో కర్ర దెబ్బ చప్పుడు వినిపించింది. గండ్రగొడ్డలి మూలుగు వినిపించింది. ఆ మూలుగు ఫోన్లోంచి రాలేదు.

"ఒరేయ్..." గుసగుసగా ఇంటర్‌కంలోకి అన్నాడు. "తొందరగా దించరా."

"ఎందుకు గుసగుసలాడుతున్నావు బావా?"

"వింటారు..."

"ఎవరు?"

ఎనిమిదిమంది పట్టే లిఫ్టది. నిలబడితే చోటు సరిపోతుందేమోనని లేచి నించున్నాడు. భుజానికి భుజం తగిలింది. మెడ మీద ఊపిరి. పక్కన ఇంకొకటి. తను పీల్చినప్పుడు అవీ పీలుస్తున్నాయి. తను బిగబడితే... అవీ బిగబట్టాయి.

కింద బోర్లా ఉన్న ఫోను తీసి తిప్పాడు. ఐదో శవం. పిచ్చుక రాయి పక్కనే నించుని ఉన్నాడు, చేతిలో కర్ర ఎత్తి.

'తప్పయింది తమ్ముడూ. నాకు తెలీదు. దారివ్వు' అని రాశాడు.

జవాబు మెల్లగా, ఒక్కో అక్షరమే, వేళ్లు కదలడం కష్టమైనవాడు కొట్టినట్టుగా వచ్చింది.

ద... మ్ముం... టే... దా... టు.

ఆరోసారి.

ఛాతీ మీద ఇంకో ఛాతీ ఆనింది. ఇక అరుద్దామన్నా ఊపిరి నిండలేదు.

"బావా, బోర్డు ఇప్పట్లో తేలదు. చేత్తో బ్రేకు వదులుతున్నా. గట్టిగా పట్టుకో!"

ఒక్క మనిషే లోపలుంటే, బ్రేకు వదలగానే లిఫ్టు పైకి పోతుంది. అవతల వేలాడే ఎదురు బరువు దాన్ని లాగేస్తుంది. పద్దెనిమిదేళ్లలో ఏనాడూ తప్పని లెక్క అది. లిఫ్టు కిందికి పోవాలంటే లోపల కనీసం నలుగురైదుగురు ఉండాలి.

బ్రేకు వదిలిన చప్పుడైంది.

లిఫ్టు... కిందికి జారింది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపు జారిందో తెలీదు. ఆగింది. మెట్ల మీద పరుగు చప్పుడు, తాళంచెవి తిప్పిన చప్పుడు. తలుపులు రెండు పక్కలకీ తెరుచుకుని పగటి వెలుగు మొహాన కొట్టింది. ఆయన దూకినట్టుగా బయటికొచ్చి బావమరిది మీద పడ్డాడు.

"లోపల... చూడు... చూడరా..."

బావమరిది టార్చి వేశాడు. నాలుగు గోడలు. నేల మీద ఫోను, ఆరిపోయి ఉంది. ఇంకేమీ లేదు.

"ఎవరూ లేరు బావా. ఉక్కపోతకి కళ్లు తిరిగాయి నీకు. పద, నీళ్లు తాగుదువుగాని. పైన కరెంటు కట్టేసి ఇంటికెళ్లిపోదాం."

భుజం మీద చెయ్యేసి మెట్లెక్కించాడు. ఐదో అంతస్తు, ఆరు, ఏడు. ఆయనకి ఆయాసం రాలేదు. అంత భయపడ్డాక కాళ్లు ఇంత తేలిగ్గా ఉన్నాయేమిటా అనుకున్నాడు. జరిగిందంతా చెప్పేశాడు. నల్లరాయి, పదకొండు చావులు, అక్క రాసిన ఉత్తరం, అన్నీ. బావమరిది తిట్టలేదు. "రేపు ఆవిడకి ఒక ఉత్తరం రాయి. క్షమించమని అడుగు" అన్నాడంతే.

"రాస్తా. ఇవాళే రాస్తా" అన్నాడాయన. అనగానే గుండెల మీంచి ఏదో బరువు దిగినట్టయింది.

మోటారు గదిలో బరువు చూపే మీటరు ఇంకా వెలుగుతోంది. కరెంటు కట్టేయడానికి మీట మీద చెయ్యి వేసిన బావమరిది, అలాగే ఆగిపోయాడు.

"బ్రేకు వదిలేముందు నాలుగొందల తొంభై ఉంది" అన్నాడు. "మీటరు పోయిందనుకున్నా."

"ఇప్పుడెంత?"

బావమరిది మీటరు అద్దం తుడిచి మళ్లీ చూశాడు.

"నాలుగొందల తొంభయ్యే. నువ్వు దిగాక కనీసం డెబ్బై తగ్గాలి కదా... ఒక్క కిలో కూడా తగ్గలేదు బావా."

అంటూనే, ఆయన భుజం మీదున్న తన రెండో చేతిని మెల్లగా తీసేసి, ఒక్కో అడుగే వెనక్కి వేశాడు.