ఉయ్యాల పక్కన పాత ఫోన్

నా పాప ఏడుస్తుంటే నాకు వినపడకపోవడం. లోకంలో అన్నిటికన్నా నాకు ఎక్కువ భయం అదే.

పగలంతా నేను కింద లాండ్రీలో ఇస్త్రీ చేస్తాను. పాప పైగదిలో మా అత్తయ్య దగ్గర ఉంటుంది. పాప తండ్రి అది పుట్టకముందే పోయాడు. అప్పటినుంచి అత్తయ్యకు నేను, నాకు అత్తయ్య. ఆవిడకు చెవులు మందం, పైగా మధ్యాహ్నమైతే కూర్చున్నచోటే కునుకు తీస్తుంది. అందుకని ఉయ్యాల పక్కన ఒక పాత ఫోన్ పెట్టాను. పాప ఏడిస్తే అందులోని యాప్ నా దగ్గరున్న ఫోన్‌ను మోగిస్తుంది. నాది లాండ్రీవాళ్ళు పనికోసం ఇచ్చిన కొత్త ఫోన్.

ఒకరోజు పొద్దున పాత ఫోన్‌లో ఆ యాప్ తెరుచుకోలేదు. ఈ ఫోన్‌లో ఇక పనిచేయనని రాసి చూపించింది.

వీధి చివరి రిపేరు షాపుకి పరుగెత్తాను. చెవిమీద స్క్రూడ్రైవర్ పెట్టుకున్న అతను, ఏడేళ్ళ ఫోన్, కంపెనీవాళ్ళు దీనికి అప్‌డేట్లు ఆపేశారు, కొత్తది తీసుకోండి అన్నాడు, తలెత్తకుండానే.

"మైకు పనిచేస్తోందా?" అన్నాను.

"చేస్తోంది."

"బ్యాటరీ?"

"బానే ఉంది."

"మరి దీనికొచ్చిన రోగమేంటి? నేను తొమ్మిదో క్లాసులోనే మానేశాను. నాకర్థమయ్యేలా చెప్పండి."

అప్పుడు తలెత్తాడు. కొత్త సిస్టమ్ ఎక్కిస్తే పాత ఫోన్ మోయలేక చతికిలపడుతుందని చెప్పాడు. మోయగలిగినంతే ఇవ్వచ్చు కదా, మా అత్తయ్య బకెట్ మోయలేకపోతోందని అన్నం పెట్టడం మానేశానా అన్నాను. అతనికి నవ్వొచ్చింది. దాచుకోవడానికి డ్రాయరు తెరిచి ఏదో వెతుకుతున్నట్టు నటించాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ నవ్వు బాగుందని కూడా అనిపించింది, ఏం చెయ్యను.

కంపెనీలు వదిలేసిన ఫోన్లకోసం, వాటిమీద మమకారం ఉన్నవాళ్ళు కొందరు సొంతంగా తేలికపాటి సిస్టమ్‌లు రాసిపెడతారట. అలాంటిదొకటి ఎక్కించి, షాపులోని ట్యాబ్‌తో జతచేసి పరీక్షించి, సాయంత్రానికల్లా ఇచ్చాడు. యాప్ తెరుచుకుంది.

ఆ తరవాత నెలరోజులూ లాండ్రీకి అతని చొక్కాలు వస్తూనే ఉన్నాయి. మడత నలగనివి కూడా. ఇది మొన్న నేను చేసిందే కదా అంటే, ఒక చెయ్యి సరిగ్గా రాలేదనేవాడు. ముందు పాప ఎలా ఉందని, ఆ తరవాతే ఫోన్ ఎలా ఉందని అడిగేవాడు.

ఒక మధ్యాహ్నం వాన దంచికొడుతోంది. ఎందుకో నా ఫోన్ తీసి చూశాను. నల్లటి తెరమీద చిన్న చక్రం తిరుగుతోంది. కొత్తది కదా, ఎవరినీ అడక్కుండా తనంతట తానే అప్‌డేట్ మొదలుపెట్టేసింది. అది అయ్యేదాకా పాప ఏడ్చినా మోగదు. ఇస్త్రీపెట్టె ఆపి, బయటి మెట్లమీదుగా పైకి పరుగెత్తాను.

గది తలుపు తీసే ఉంది. లోపల రిపేరతను తడిసి ముద్దై నిలబడ్డాడు. పాప అతని భుజంమీద వెక్కుతోంది. ఉయ్యాల కమ్మీల మధ్య కాలు ఇరుక్కుందట. చీలమండ దగ్గర ఎర్రటి గీత, అంతే. అత్తయ్య లేచి ఆ కాలు నిమురుతోంది.

మీకెలా తెలిసిందని అడిగాను. ఆ రోజు ట్యాబ్‌ను విడదీయడం మర్చిపోయాడట. మాటలు వినపడవట, పాప ఏడిస్తే మోగుతుందట, అంతే. ఎప్పుడూ కాసేపటికే ఆగిపోయేది ఇవాళ ఎంతకీ ఆగకపోయేసరికి పరుగెత్తుకొచ్చాడట.

"నెలరోజులూ మర్చిపోయారా?"

"రెండోరోజే గుర్తొచ్చింది." తల దించుకున్నాడు. "తీసేద్దామనే అనుకున్నా. కానీ అది మోగట్లేదంటే పాప బానే ఉందని, మీరు కింద నిమ్మళంగా పని చేసుకుంటున్నారని... అలా అనుకోవడం అలవాటైపోయింది. మీకు చెప్పాల్సింది. తప్పు నాదే."

కోప్పడాలి. కోప్పడ్డాను కూడా, కాస్త.

అత్తయ్య తువ్వాలు తెచ్చి అతని చేతిలో పెట్టింది. మా మొహాలు చూసి ఆవిడకు అంతా అర్థమైంది.

"నా కొడుకు ఉన్నా ఇలాగే పరుగెత్తుకొచ్చేవాడమ్మా," అంది నాతో. "మొహమాటపడుతూ కూర్చోకు. నీ మనసులో మాట చెప్పెయ్."

"ఆ ట్యాబ్ విడదీయకండి," అన్నాను అతనితో. "ఈసారి నేనే ఉంచమంటున్నా."

"ట్యాబ్ ఒక్కటేనా?"

"మనిషిని కూడా."

ఇది జరిగి ఏడాదైంది. పాప అతన్ని నాన్నా అంటుంది. మేం బాగున్నాం.

మీకో మాట. మీ వీధిలో పాత ఫోన్ ఒక్కటే దిక్కుగా ఉన్న మనిషి ఎవరో ఒకరుంటారు. దయచేసి ఇవాళే వెళ్ళి తలుపు తట్టండి. ఆ ఫోన్ ఇంకా పనిచేస్తోందో లేదో, ఆ మనిషి ఎలా ఉన్నారో చూసి రండి.